రెండు గంటలు నన్నొదిలేయండి, ప్లీజ్!

మీ ఫోన్‌లో గేమ్ ఆడుతున్నప్పుడు తెర మీద సెకనుకి 60 బొమ్మలు మారుతుంటాయి. అంటే ఒక్కో బొమ్మకి దొరికేది 16.6 మిల్లీసెకన్లు. ఆ కాస్త టైమ్‌లోనే మీ వేలు ఎక్కడ తగిలిందో చూడాలి, బండి ఎటు తిరగాలో లెక్కేయాలి, గోడకి గుద్దుకుందో లేదో తేల్చాలి, వెలుగునీడలతో సహా బొమ్మ గీసి తెర మీద పెట్టాలి. మధ్యలో ఇంకో పనేదైనా దూరి ఆ 16.6 దాటిందంటే ఒక బొమ్మ ఎగిరిపోతుంది. 'అబ్బా, ల్యాగ్ అవుతోంది' అని మీరు విసుక్కుంటారు. ప్లే స్టోర్‌లో ఒక్క స్టార్ ఇచ్చి వెళ్లిపోతారు.

అందుకే గేమ్ డెవలపర్లం మిల్లీసెకన్ల దగ్గర మహా పిసినారులం. ఏ ఫంక్షన్ ఎంత టైమ్ తింటోందో ప్రొఫైలర్ పెట్టి మరీ చూస్తాం. విచిత్రం ఏంటంటే, ఆ కోడ్ రాసే మనిషి రోజుని మాత్రం ఎవ్వరూ ప్రొఫైల్ చేయరు. 'ఒక్క నిమిషం ఉందా?' అని ఒకరు, 'క్విక్ కాల్?' అని ఇంకొకరు, ఉత్త 'హాయ్' అని పెట్టి ఆ తర్వాత పది నిమిషాలు ఏమీ టైప్ చేయకుండా మాయమయ్యేవాళ్లు మరొకరు. సాయంత్రం ఆరయ్యేసరికి రోజంతా పని చేసినట్టే ఒళ్లు అలిసిపోతుంది. చేసిన పని చూపించమంటే మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం. మేనేజర్ దగ్గరికెళ్లి 'నాకు రెండు గంటలు ఎవరూ కదిలించకుండా కావాలి' అని అడగొచ్చా? అడిగితే ఏమనుకుంటారు? ఎలా అడిగితే 'సరే' అంటారు? నేను గేమ్ స్టూడియోలో పనిచేస్తా కాబట్టి ఉదాహరణలు అక్కడివే వస్తాయి. మీరు వీడియోలు ఎడిట్ చేసినా, బ్యాంక్ యాప్‌కి కోడ్ రాసినా, ఆడిట్ ఫైళ్లు చూసినా కథ పెద్దగా మారదు.

పాకం కనపడదు కదా!

సంక్రాంతికి అరిసెల పాకం పట్టేటప్పుడు అమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదలదు. ఫోన్ మోగినా ఎత్తదు. గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే 'వస్తున్నా, ఉండండి' అంటుందే కానీ వెళ్లదు. గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని, అందులో పాకం చుక్క వేసి, ఉండ కడుతోందా లేదా అని చూస్తూనే ఉంటుంది. రెండు నిమిషాలు అటు తిరిగితే ముదిరిపోతుంది. ముదిరిన పాకాన్ని వెనక్కి తేలేం. అందుకే ఆ టైమ్‌లో ఇంట్లో ఎవరూ అమ్మని 'ఒక్కసారి ఇలా రా' అనరు. పాకం అందరి కళ్లకీ కనపడుతోంది కాబట్టి ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రోగ్రామర్ పాకం బుర్రలో ఉంటుంది. పక్కవాళ్లకి కనపడేది కుర్చీలో కూర్చుని తెర వంక చూస్తున్న మనిషి ఒక్కడే. ఖాళీగా ఉన్నాడేమో అనుకుంటారు. వాళ్ల తప్పు కూడా కాదది.

ఒక ఉదాహరణ చెప్తా. ఆన్‌లైన్ గేమ్‌లో ఒక పడవ కదులుతోంది. ఆటగాడు ఒడ్డు మీద నుంచి ఆ పడవలోకి దూకాడు. అతని ఫోన్‌లో చక్కగా పడవలో దిగాడు. అవతలివాళ్ల ఫోన్‌లో మాత్రం నీళ్లలో పడ్డాడు. ఈ బగ్ పట్టుకోవాలంటే నాలుగైదు సంగతులు ఒకేసారి బుర్రలో నిలబెట్టాలి. పడవ ఎక్కడుందని సర్వర్ అనుకుంటోంది? సర్వర్ జవాబు వచ్చేలోపు ఫోన్ తనంతట తాను ఎక్కడుందని అంచనా వేసి చూపిస్తోంది? ఆ రెండింటికీ తేడా వస్తే ఎవరి మాట చెల్లుతుంది? యానిమేషన్ ఇంకా 'దూకుతున్నాడు' దగ్గరే ఉందా, 'దిగాడు'లోకి మారిందా? ఫిజిక్స్ లెక్క పడవ కదలకముందు జరిగిందా, కదిలాక జరిగిందా? ఒకదాని మీద ఒకటి పేకమేడలా పేర్చుకుంటూ వెళ్తాం. చివరి ముక్క పెట్టబోతుండగా భుజం మీద చెయ్యి పడుతుంది.

'బ్రో, నిన్నటి బిల్డ్ నంబర్ ఎంత?'

జవాబు చెప్పడానికి పది సెకన్లు చాలు. మేడ మళ్లీ కట్టడానికి పట్టే టైమ్ సంగతి అడిగినవాళ్లకి తెలీదు.

సైన్స్ ఏమంటోంది?

ఇదంతా మన బద్ధకానికి మనం చెప్పుకునే సాకు కాదని చూపించడానికి పరిశోధనలున్నాయి. అమెరికాలో క్రిస్ పార్నిన్, స్పెన్సర్ రుగాబర్ అనే ఇద్దరు పరిశోధకులు 86 మంది ప్రోగ్రామర్లు పనిచేసిన 10,000 సెషన్ల రికార్డులు తీసి చూశారు. ఆపిన పనిలోకి తిరిగొచ్చాక నిమిషంలోపు మళ్లీ కోడ్ మీద చెయ్యి పెట్టగలిగిన సందర్భాలు పదింట ఒకటే. మిగతావన్నీ ఫైళ్లు తిప్పుకుంటూ, 'ఎక్కడున్నాను నేను?' అని వెతుక్కోవడమే.

2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దీనికో పేరు పెట్టారు: 'అటెన్షన్ రెసిడ్యూ'. ఒక పని సగంలో వదిలి ఇంకో పనిలోకి వెళ్తే, ధ్యాస మొత్తం మనతో రాదు. కొంత పాత పని దగ్గరే అంటుకుపోయి ఉంటుంది, గిన్నెకి అడుగంటినట్టు. అంటే మీరు వెళ్లిన మీటింగ్‌లోనూ సగమే ఉంటారు.

నాకు అన్నింటికన్నా ఆసక్తిగా అనిపించింది 2008లో గ్లోరియా మార్క్ బృందం చేసిన ప్రయోగం. మధ్యమధ్యలో ఆటంకాలు కలిగించినవాళ్లు పని ఆలస్యంగా చేస్తారనే కదా మనం అనుకుంటాం? వాళ్లు ఇంకా త్వరగా ముగించేశారు. నాణ్యత కూడా తగ్గలేదు. మరి నష్టం ఎక్కడ? వాళ్లలో ఒత్తిడి, చిరాకు, హడావిడి బాగా పెరిగాయి. పోయిన టైమ్‌ని పూడ్చుకోవడానికి మనిషి పరిగెత్తుతాడన్నమాట.

అది ఈమెయిళ్లకి జవాబులు రాసే పని మీద చేసిన ప్రయోగం. పడవ బగ్ లాంటివి పరిగెత్తితే దొరకవు. అయినా ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. 'పని అయిపోతోంది కదా, ఇంక ఇబ్బందేంటి?' అని మేనేజర్ అడగొచ్చు. అవుతోంది నిజమే. దాని ధర మీ ఒంట్లోంచి పోతోంది. ఆ ధర ఏ డ్యాష్‌బోర్డ్‌లోనూ కనపడదు.

ఆయన క్యాలెండర్ వేరు

పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్, ఇన్వెస్టర్ 2009లో ఒక చిన్న వ్యాసం రాశాడు. లోకంలో రెండు రకాల క్యాలెండర్లు ఉంటాయంటాడు. మేనేజర్ రోజు గంట గంట ముక్కలుగా ఉంటుంది. అందులో ఒక ముక్క ఖాళీగా ఉంటే మీటింగ్ పెట్టేయొచ్చు, ఏమీ పోదు. వస్తువు తయారు చేసేవాళ్ల రోజుకి కనీసం పూట లెక్క ఉండాలి. పదకొండింటికి అరగంట మీటింగ్ పెడితే పోయేది అరగంట కాదు, ఆ పూటే రెండు పనికిరాని ముక్కలైపోతుంది.

ఇది అర్థమైతే మేనేజర్ మీద కోపం సగం తగ్గుతుంది. ఆయన మనల్ని కదిలించడం ఆయన దృష్టిలో ఆటంకం కాదు, ఆయన ఉద్యోగమే అది. పైన పబ్లిషర్ బిల్డ్ ఎప్పుడని అడుగుతుంటాడు. పక్కన ఆర్ట్ టీమ్ కొత్త మోడల్ గేమ్‌లో ఎందుకు కనపడట్లేదని అడుగుతుంది. అందరికీ జవాబు చెప్పాల్సింది ఆయనే. జవాబు మన దగ్గరుంది. పింగ్ చేయక ఏం చేస్తాడు?

ఇక్కడ ఓ తమాషా సంగతి. ఆఫీసుల్లో టింగ్ టింగ్ మంటూ మోగే స్లాక్ ఎక్కడ పుట్టిందో తెలుసా? ఒక గేమ్ కంపెనీలో! టైనీ స్పెక్ అనే సంస్థ 'గ్లిచ్' అనే ఆన్‌లైన్ గేమ్ తయారు చేసింది. 2011లో విడుదలైన ఆ గేమ్ ఆడక 2012లో మూతపడింది. ఆ టీమ్ తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న చాట్ పనిముట్టే తర్వాత స్లాక్ అయింది. గేమ్ పోయింది, చాట్ మిగిలింది. మన బతుకులకి ఇంతకన్నా మంచి ఉపమానం దొరకదు.

ముందు లెక్క, తర్వాత మాట

'నాకు డిస్టర్బెన్స్ ఎక్కువగా ఉందండీ' అని వెళ్తే ఏ మేనేజరైనా ఇచ్చే జవాబు ఒకటే: 'అందరికీ ఉంది.' అందుకే వెళ్లే ముందు ఒక వారం లెక్క రాయండి. యాప్ అక్కర్లేదు, కాగితం చాలు. నాలుగు గడులు గీయండి. ఎన్నింటికి? ఎవరు? దేనికోసం? మధ్యాహ్నం దాకా ఆగితే ఏమయ్యేది?

ఆ నాలుగో గడే ముఖ్యం. నేను రాసిన ఐదు రోజుల కాగితంలో 43 గీతలు వచ్చాయి. అప్పటికప్పుడు జవాబు చెప్పకపోతే నిజంగా ఎవరి పనైనా ఆగిపోయేవి 6. మిగతావాటిలో సగం బిల్డ్ నంబర్, సర్వర్ అడ్రస్, ఫలానా ఫైల్ ఎక్కడుంది లాంటివి. అవన్నీ ఒకే పేజీలో రాసి చాట్‌లో పైన పిన్ చేస్తే సరిపోయేవి. మేనేజర్‌ని కలవకముందే ఆ పేజీ రాసేశా. అడగడానికి వెళ్లినప్పుడు మన వంతు పని మనం చేసి వెళ్తే మాటకి బరువుంటుంది.

రెండోది, గడియారం చూడండి. మన స్టూడియోల్లో చాలావాటికి క్లయింట్లు విదేశాల్లోనే ఉంటారు. మనకి ఉదయం పదిన్నర అంటే జర్మనీలో వేసవిలో ఏడు, చలికాలంలో ఆరు. కాలిఫోర్నియాలో అయితే ముందు రోజు రాత్రి పదో, తొమ్మిదో. ఆ టైమ్‌లో క్లయింట్ నుంచి కాల్ వచ్చే అవకాశం చాలా తక్కువ. అంటే హైదరాబాద్‌లో ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మనల్ని కదిలించేది మనవాళ్లే. మనవాళ్లతో మాట్లాడుకుని ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. టైమ్ జోన్ తేడా వల్ల రాత్రిళ్లు కాల్స్‌లో కూర్చుని ఎన్నో పోగొట్టుకుంటాం. అదే తేడా ఉదయం పూట ఉచితంగా ఇచ్చేది కూడా ఉంది. దాన్ని వాడుకుందాం.

మూడోది, 'ప్రశాంతత' అనే మాట వాడకండి. మేనేజర్ భాషలో ప్రశాంతత అనే టాస్క్ లేదు. మైల్‌స్టోన్ ఉంది, రిస్క్ ఉంది. 'పడవ బగ్‌కి మూడు రోజులు అనుకున్నాం, ఏడు రోజులైంది. ఇంకో రెండు ఇలాంటివే ఉన్నాయి. ఉదయం రెండు గంటలు ఏకబిగిన దొరికితే మైల్‌స్టోన్ లోపు అవుతాయి' అనండి. అది ఆయనకీ కావాల్సిందే.

అడిగిన రోజు

'కొంచెం మాట్లాడాలండీ, పదిహేను నిమిషాలు' అనగానే మా మేనేజర్ ముఖం మారింది. 'ఏంటి, పేపర్లు పెడుతున్నావా?' అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ కళ్లలో నవ్వు లేదు. మన ఫీల్డ్‌లో 'మాట్లాడాలి' అంటే అదే అర్థం వచ్చేసింది పాపం.

కాగితం ముందు పెట్టా. నాలుగో గడి చూపించా. ఆయన చదువుతూ ఒకచోట ఆగి, 'ఈ మంగళవారంవి పదీ నేనేనా?' అన్నారు. 'పది కాదండీ, తొమ్మిది' అన్నా. అప్పుడు నిజంగానే నవ్వారు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మీకూ ఇవే వస్తాయి, ముందే సిద్ధంగా ఉండండి.

'అర్జెంట్ పని వస్తే?' అన్నారు. 'ఫోన్ చేయండి, ఎత్తుతా. బిల్డ్ విరిగినా, సర్వర్ పడిపోయినా, క్లయింట్ లైన్‌లో ఉన్నా అర్జెంటే. మిగతావి పన్నెండున్నరకి' అన్నా. అర్జెంట్ అంటే ఏంటో ముందే తేల్చుకోవడం అన్నింటికన్నా అవసరం. తేల్చకపోతే అన్నీ అర్జెంటే.

'నీకిస్తే రేపు పన్నెండు మందీ అడుగుతారు' అన్నారు. 'అడగనివ్వండి. అందరికీ అదే టైమ్ పెడితే ఎవర్నీ ఎవరూ పిలవరు, ఇంకా సులువు' అన్నా.

'మరి క్యూఏ వాళ్లు బగ్ దొరికితే పన్నెండున్నర దాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా?' అన్నారు. ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. మన ఏకాగ్రత కోసం ఇంకొకరి పని ఆపే హక్కు మనకి లేదు.

దీనికి దారి చూపించింది మా క్యూఏ టీమ్‌లోని అమ్మాయే. 'ఆసుపత్రిలో రాత్రిపూట డాక్టర్లందరూ ఉండరు కదా, డ్యూటీ డాక్టర్ ఒక్కరుంటారు. మీలోనూ రోజుకొకరు అలా ఉండండి. నేను వాళ్లనే అడుగుతా' అంది. అంతే! ఇప్పుడు ఆ రెండు గంటలూ రోజుకొకరు డ్యూటీ డాక్టర్. ఎవరికి ఏం కావాలన్నా వాళ్లనే అడగాలి. ఆ రోజు వాళ్లు పెద్ద పనులు పెట్టుకోరు, చిన్నవి చూసుకుంటారు. వంతు పది రోజులకోసారి వస్తుంది కాబట్టి ఎవరికీ బరువు కాదు. పైగా క్యూఏకి ఇంతకుముందుకన్నా జవాబులు త్వరగా దొరుకుతున్నాయి, ఎవర్ని అడగాలో తెలుసు కాబట్టి.

ఆయన ఒప్పుకున్నది నేను అడిగిందంతా కాదు. వారానికి మూడు రోజులు అడిగితే రెండిచ్చారు. మూడు వారాలు చూద్దాం అన్నారు. మొదటి వారంలో ఒక రోజు బిల్డ్ విరిగి, రెండు గంటలూ దానికే పోయాయి. రెండో వారం నుంచి గాడిలో పడింది. మూడు వారాలయ్యాక మూడో రోజు ఆయనే కలిపారు.

రాత్రి పదకొండింటి కమిట్

ఇదంతా చదివి 'రెండు గంటల కోసం ఇంత రాద్ధాంతమా?' అనిపించొచ్చు. ఇందులో ఇరుక్కున్న అసలు సంగతి వేరే ఉంది.

పగలు దొరకని ఆ రెండు గంటలు గాల్లో కలిసిపోవు. రాత్రికి జరుగుతాయి. అందరూ వెళ్లిపోయి, చాట్ నిద్రపోయాక తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండింటికి కమిట్ చేస్తాం. మర్నాడు స్టాండప్‌లో 'నైట్ కూడా కూర్చున్నాడు, సూపర్' అని ఎవరో మెచ్చుకుంటారు. పగలు చేజారిన టైమ్‌కి రాత్రి కట్టిన వడ్డీ అది. వడ్డీ కట్టినందుకు మెచ్చుకోళ్లేంటి?

మరి రాత్రి కూర్చోలేనివాళ్లు? మా టీమ్‌లో ఒక అక్క ఉంది. షేడర్లు రాయడంలో మా అందరికన్నా దిట్ట. గేమ్‌లో నీళ్లు నీళ్లలా మెరుస్తున్నాయంటే ఆమె చలవే. పాప డేకేర్ ఆరున్నరకి మూసేస్తారు, కాబట్టి ఆరింటికి లేవాల్సిందే. ఎక్కువ తెలుసు కాబట్టి పగలంతా అందరూ ఆమెనే అడుగుతారు. అందరి పనులూ ముందుకి జరుగుతాయి, ఆమె పని తప్ప. రాత్రి పాప నిద్రపోయాక కూర్చుందామంటే కళ్లు మూతలు పడతాయి. అప్రైజల్‌లో ఆమెకి వచ్చిన మాట: 'ఔట్‌పుట్ ఇంకాస్త కనపడాలి.'

ఆ మాట విన్నప్పుడే నాకు అర్థమైంది. పగలు ఏకాగ్రతకి చోటు లేని ఆఫీసులో రాత్రిళ్లు ఖాళీగా ఉన్నవాళ్లే గెలుస్తారు. పెళ్లికాని, హాస్టల్లో ఉండే, వంట చేసుకోనక్కర్లేని కుర్రాళ్లు. చిన్నపిల్లలున్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లని చూసుకునేవాళ్లు, చివరి బస్సు దొరకాల్సినవాళ్లు వెనకబడతారు. వాళ్లకి పని రాక కాదు.

గేమ్ రంగానికి ఈ రోగం కొత్త కాదు. రిలీజ్ ముందు వారాల తరబడి రాత్రింబవళ్లు పనిచేయించడాన్ని 'క్రంచ్' అంటారు. 2004లో అమెరికాలో ఒక గేమ్ డెవలపర్ కాబోయే భార్య, పేరు చెప్పకుండా తన మనిషి పనిగంటల గురించి ఒక బ్లాగ్ పోస్ట్ రాసింది. అది పెద్ద దుమారమే లేపింది. ఓవర్‌టైమ్ కేసుల దాకా వెళ్లింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట ఇంకా వాడుకలోనే ఉంది. రోజుకి రెండు గంటల నిశ్శబ్దంతో క్రంచ్ పోతుందని చెప్పను. దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి: చిన్న గడువులు, పెద్ద కోరికలు, ఆఖరి నిమిషంలో మారే డిజైన్లు. కానీ పగలు పనికి పగలు చోటిస్తే, రాత్రికి జరిగేది కొంతైనా తగ్గుతుంది.

అడగకూడని టైమ్ కూడా ఉంది

ఉద్యోగంలో చేరిన మొదటి రెండు మూడు నెలలు ఇది అడగకండి. అప్పుడు మీరే పదిమందిని అడిగి నేర్చుకోవాల్సిన టైమ్. రిలీజ్ వారంలో అడగకండి. లైవ్‌లో ఉన్న గేమ్‌కి సర్వర్ డ్యూటీలో ఉంటే ఆ రోజు మీకు ఈ హక్కు లేదు. లక్షలమంది ఆడుతున్న గేమ్ పడిపోతే 'నా ఫోకస్ టైమ్' అనడం కుదరదు.

ఇంకొకటి. ఆ రెండు గంటలు అడిగి తీసుకున్నాక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టడం కాదు, బ్యాగులో పడేయండి. మేనేజర్‌ని ఆపి రీల్స్‌ని రానిస్తే ఆయన ముందు పోయేది మీ మాట ఒక్కటే కాదు, మీ తర్వాత అడగబోయేవాళ్ల మాట కూడా.

ఒకవేళ 'కుదరదు' అంటే?

అంటారు. కొందరు మేనేజర్లకి కళ్లెదుట కదలిక కనపడకపోతే ఊపిరాడదు. అప్పుడు గొడవ పడకండి, చిన్నగా మొదలుపెట్టండి. 'రెండు గంటలు వద్దు, ఈ ఒక్క బగ్ అయ్యేదాకా రోజూ నలభై ఐదు నిమిషాలు' అని అడగండి. ఒక పనికి, ఒక గడువుకి ముడిపెట్టి అడిగితే కాదనడం కష్టం.

అదీ కుదరకపోతే, ఆటంకాన్ని ఆపలేకపోయినా దాని దెబ్బ తగ్గించుకోవచ్చు. ఎవరైనా పిలిస్తే తల తిప్పే ముందు ఒక్క లైన్ రాయండి: 'తర్వాత చేయాల్సింది: సర్వర్ పడవ స్థానం ప్రింట్ చేసి చూడాలి.' పైన చెప్పిన సోఫీ లెరాయ్, థెరీసా గ్లోంబ్‌తో కలిసి 2018లో ప్రచురించిన పరిశోధన చెప్పేదీ ఇదే. వదిలే ముందు 'తిరిగొచ్చాక ఏం చేయాలి' అన్నది రాసుకుంటే ధ్యాస అతుక్కుపోవడం తగ్గుతుంది. ప్రోగ్రామర్లకి ఇంకో చిట్కా ఉంది. ఎక్కడ ఆపారో అక్కడ కావాలనే ఒక తప్పు లైన్ రాసి వదిలేయండి. తిరిగొచ్చి కంపైల్ చేయగానే కంప్యూటరే సరిగ్గా ఆ చోటికి తీసుకెళ్తుంది.

ఇది చేతగానివాళ్ల బాధ అనుకునేవాళ్లు ఒక సంగతి వినాలి. 1993లో 'డూమ్' గేమ్‌తో మొత్తం గేమింగ్ రంగాన్నే మలుపు తిప్పిన ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ 2018లో ఒక వారం రోజులు ఆఫీసు పనులన్నీ పక్కనపెట్టి, సన్యాసిలా ఒక్కడే కూర్చుని కోడ్ రాసుకున్నాడు. అంతటివాడికే దూరంగా వెళ్లక తప్పలేదు. మనకి వారం ఎవరిస్తారు? రెండు గంటలు అడుగుతున్నాం, అంతే.

మీ పని సులువు చేయడానికి నేను పంపిన మెసేజ్ తెలుగులో ఇస్తున్నా. మీకు తగ్గట్టు మార్చుకోండి:

'మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం 10:30 నుంచి 12:30 దాకా చాట్ మూసేసి ఈ రెండు టాస్కుల మీద కూర్చుంటాను. బిల్డ్ విరిగినా, సర్వర్ పడినా, క్లయింట్ అడిగినా ఫోన్ చేయండి, వెంటనే వస్తాను. మిగతా మెసేజ్‌లన్నింటికీ 1 గంటలోపు జవాబిస్తాను. ప్రతి శుక్రవారం ఏం పూర్తయిందో రాసి పంపుతాను. మూడు వారాల తర్వాత ఉపయోగం లేదనిపిస్తే ఆపేద్దాం.'

ఆఖరి వాక్యం మాత్రం తీసేయకండి. 'సరే' అనిపించేది అదే. ఇంకో మాట: ముందు ఎదురుగా కూర్చుని నోటితో అడగండి, మెసేజ్ ఆ తర్వాత పంపండి. అదీ సోమవారం స్టాండప్ అయ్యాక. శుక్రవారం సాయంత్రం బిల్డ్ పంపే హడావిడిలో ఉన్న మనిషిని ఏం అడిగినా వచ్చే జవాబు మీకు తెలిసిందే.

మా అక్క ఇప్పుడు కూడా ఆరింటికే లేస్తుంది. ఈమధ్య లేచే ముందు 'నీళ్ల షేడర్ అయిపోయింది, రివ్యూకి పెట్టా' అని చెప్పి వెళ్తోంది.